అమ్మాసి అవ్వ కట్టిన వరస

జాతకాలు కుదిరాయి. గోత్రాలు వేరు. అబ్బాయికి అమ్మాయి నచ్చింది, అమ్మాయికి అబ్బాయి నచ్చాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉద్యోగం. అన్నీ కుదిరాక నేను ఒక్కదాన్ని కుదరదన్నాను.

ఈ సంగతి మా ఆయన చిన్నస్వామి మా ఫ్లాట్ల వాళ్ళందరికీ చెప్పేశాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పాల పాకెట్లు వేసే ఆమె కూడా మెట్ల మీద నన్ను ఆపి, "ఏమ్మా, కొడుకు పెళ్ళి నువ్వే నిలిపేసినావంటనే?" అని అడిగింది. నాకసలే ముక్కు మీద కోపం. అందరూ తలా ఒక రకంగా చెప్పుకునే బదులు జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను. నా వైపు న్యాయం ఉందో లేదో మీరే చూడండి.

ఆ ఆదివారం పొద్దున నేను వంటింట్లో పప్పు ఎనుపుతున్నాను. మా ఇంట్లో కుక్కరుంది, మిక్సీ ఉంది, అయినా పప్పు మాత్రం మా అమ్మ పప్పుగుత్తితోనే ఎనుపుతాను. మిక్సీలో తిప్పిన పప్పు గోడకి అంటించే పేస్టులా ఉంటుంది. ఈ గుత్తి అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. పిడి అరిగి నున్నబడింది. గుండు మీద పక్కపక్కనే రెండు నల్లటి మచ్చలున్నాయి. ఎప్పుడో పొయ్యి దగ్గర నిప్పురవ్వలు పడి కాలి ఉంటుందనుకునేదాన్ని.

మా గిరి ఫోను పట్టుకుని వచ్చాడు. ముప్ఫై దాటినా పెళ్ళి మాటెత్తితే ఫ్యాన్ వైపు చూసేవాడు. అలాంటిది పోయిన నెల తనంతట తనే రంజని పేరు చెప్పాడు. హోసూరు వాళ్ళు, మాలాగే ఎప్పుడో తమిళనాడులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇక్కడ అంబత్తూరులో హాస్టల్లో ఉండి, ఫ్యాక్టరీల ఎస్టేటులో గిరి కంపెనీలోనే ఉద్యోగం చేస్తోంది. ఒకసారి ఇంటికి కూడా తీసుకొచ్చాడు. వచ్చిన పిల్ల హాల్లో కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి, "అత్తా, నేను కొబ్బరి తురమనా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు తెగ నచ్చేసింది. 

"అమ్మా, రంజని వాళ్ళింట్లో ఫోటో పంపినారు. చూస్తావా?" అన్నాడు గిరి.

చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను తీసుకున్నాను. నాన్న, అమ్మ, మధ్యలో రంజని. అమ్మ మొహం దగ్గర నా కన్ను ఆగిపోయింది. వేళ్ళతో పెద్దది చేశాను. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి, దవడలు జారాయి. కానీ ఆ ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగిన గీత ఉందే, చేతి పంపు పిడి ఎగిరి తగిలినప్పుడు అయిన గాయం అది. రక్తం కారుతుంటే నా లంగాతోనే అదిమి పట్టుకున్నాను.

"అక్క!" అని అరిచాను. "ఒరే, ఇది మా దమయంతక్కరా!"

మా ఆయన పేపరు పడేసి పరిగెత్తుకొచ్చాడు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. ఫోనుకు పప్పు అంటింది. ఎన్ని ఏళ్ళుగా వెతుకుతున్న మనిషి! హోసూరు వైపు వెళ్ళే వాళ్ళెవరు కనబడినా అడిగేదాన్ని. గిరి కూడా సంబరపడిపోయాడు. "అయితే ఇంకేంది మా, తెలిసిన ఇల్లే" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. కళ్ళు తుడుచుకున్నాను.

"ఈ పెళ్ళి కుదరదురా" అన్నాను. "అక్క బిడ్డ నీకు చెల్లెలు అవుతుంది."

గిరి నా చేతిలోంచి ఫోను తీసుకుని పప్పు తుడిచాడు.

అక్కకూ నాకూ రక్తసంబంధం లేదు. ఆ మాట నాకూ తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. మాది వాషర్‌మెన్‌పేట్‌లో లైను ఇళ్ళ సంబంధం. పొడుగాటి ఒకే పెంకుటిల్లు, దాన్ని గదులు గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో ఒక్కో కాపురం. అందరికీ కలిపి నడవాలో ఒక రుబ్బురోలు, చివర ఒక చేతి పంపు. ఒకరింట్లో పోపు పెడితే అందరింట్లో తుమ్ములు. మా నాన్న జార్జి టౌన్‌లో మిరపకాయల గోడౌన్లో పని చేసేవాడు. సాయంత్రం ఆయన వీధి మలుపు తిరిగాడంటే చాలు, కనబడక ముందే పిల్లలకు ముక్కులు మండేవి. ఆయన చొక్కా ఇంట్లోకి రానిచ్చేది కాదు అమ్మ. బయట కొక్కేనికి తగిలించాల్సిందే. అందుకని మా గదిని అందరూ మిరపకాయల ఇల్లు అనేవాళ్ళు.

ఆ లైనుకి పెద్దదిక్కు అమ్మాసి అవ్వ. ఇంటి ఓనరు కాదు, ఆమె కూడా అద్దెకు ఉండేదే. కానీ కొత్త కాపురం ఎవరు దిగినా మొదటిరోజు సాయంత్రం పంపు దగ్గర అవ్వ ముందు నిలబడాలి. అవ్వ వక్కాకు నములుతూ కొత్తామెను ఎగాదిగా చూసి వరసలు కట్టేది. "నువ్వు దీన్ని అక్కా అను. ఇదిగో, ఈమె నీకు అత్త. వాళ్ళాయన్ని మామా అని పిలువు, పేరెత్తినావంటే పండ్లు రాలగొడతా." అంతే. ఆ పూట నుంచి వాళ్ళు అక్కాచెల్లెళ్ళు, వీళ్ళు అత్తాకోడళ్ళు. పేర్లు తర్వాత ఎప్పుడో తెలిసేవి. కొందరివి తెలియకుండానే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నీళ్ళ దగ్గర జుట్లు పట్టుకున్నా సరే, వరస మాత్రం తప్పేది కాదు. "ఏమే వదినా, నీ కళ్ళు పోయినాయా, నా కొడాన్ని తన్నుతావా?" అని, బిందె చేతబట్టుకుని మర్యాదగా తిట్టుకునేవాళ్ళు.

మేం ఆ లైనులో దిగినప్పుడు అవ్వ మా అమ్మతో, పక్కగది ఆమెను అక్కా అని పిలవమంది. ఆమె కూతురే దమయంతి. అలా ఆమె నాకు పెద్దమ్మ, దమయంతి అక్క అయ్యారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకు తోబుట్టువులు లేరు. అక్క దొరికిన రోజు నేను లైనంతా తిరిగి "నాకు అక్కుండాది, నాకు అక్కుండాది" అని చెప్పి వచ్చానట. అమ్మ చెప్పి నవ్వేది.

జవ్వుమిఠాయి బండివాడు వచ్చేవాడు. కర్రకు చుట్టిన గులాబిరంగు మిఠాయిని సాగదీసి, చేతికి గడియారంలా కట్టేవాడు. నేను నా గడియారాన్ని వీధి మలుపు దాటకముందే తినేసి అక్క గడియారం వైపు చూసేదాన్ని. అక్క సాయంత్రం దాకా దాచుకునేది. టైమెంతయిందని పిల్లలడిగితే మణికట్టు చూసి ఏదో ఒకటి చెప్పేది. చివరికి అందులో సగం నాకే పెట్టేది. నిజం చెప్పాలంటే సగం కంటే ఎక్కువే.

నేను మూడో క్లాసులో ఉండగా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. తాంబరం దగ్గర ఆసుపత్రిలో చాలాకాలం ఉంచేశారు. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న గోడౌన్‌కీ ఆసుపత్రికీ తిరిగేవాడు. అప్పుడు నన్ను చూసుకుంది పెద్దమ్మే. రాత్రి సద్దిగిన్నెలో చారూ అన్నమూ కలిపి, ఒక ముద్ద అక్క చేతిలో, ఒక ముద్ద నా చేతిలో. నేను ఏడ్చిన రోజు అక్క ముద్ద కూడా నాకే వచ్చేది. అమ్మ తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు నాకు మా ఇంట్లో అన్నం సయించలేదు.

ఇప్పుడు చెప్పండి, ఒక చేతి ముద్ద తిన్నవాళ్ళు అక్కాచెల్లెళ్ళు కాకపోతే మరెవరవుతారు?

అక్కకు పెళ్ళయి హోసూరు వెళ్ళింది. నాకు పెళ్ళయి అంబత్తూరు వచ్చాను. ఉత్తరం రాయడానికి నాకు బద్ధకం, అక్కకు చేతకాదు. ఇద్దరం చదువుకుంది తమిళం, మాట్లాడుకునేది తెలుగు. అక్కను తమిళంలో పలకరించాలంటే ఎవరో పరాయి మనిషికి రాస్తున్నట్టుండేది. పెద్దమ్మ పోయింది, లైను ఇళ్ళు పడగొట్టి షాపులు కట్టారు. అడగడానికి ఆ వీధిలో మనిషి కూడా మిగల్లేదు.

ఇదంతా మా ఆయనకు చెప్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "పిలిచి పిల్లనిస్తే కులం తక్కువన్నాడంట. ఆ మాదిరి ఉండాది నీ కథ" అన్నాడు.

"మీకు అక్కాచెల్లెళ్ళు ఆరుగురు. మీకెట్ల తెలుస్తాది?" అన్నాను.

గిరి గొడవ పడలేదు. గొడవ పడితే నేనూ పడేదాన్ని, అందులో నాకు అలవాటుంది. వాడు కాసేపు కూర్చుని, "రత్తసంబంధం ఏమీ లేదే మా" అని ఒక్కమాట అన్నాడు. నేను ముద్ద సంగతి మళ్ళీ మొదలుపెట్టాను. వాడు విని, "శెరి, నీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేవాడు. పెట్టింది తినేవాడు. ఉప్పు తక్కువైందని కూడా అనేవాడు కాదు.

నేనింకో పని కూడా చేశాను. రంజనికి ఫోను చేసి, "నన్ను అత్తా అనొద్దమ్మా. నేను నీకు పిన్నిని అవుతాను. గిరిని అన్నా అని పిలువు" అన్నాను. కాసేపటికి, "శెరి... ఆంటీ" అంది. అత్త లేదు, పిన్ని లేదు, ఆంటీ అంది. ఆ మాట వినడానికి నాకే కష్టంగా ఉంది. మా ఆయన పక్కన నిలబడి అంతా విన్నాడు. "నువ్వు మనిషివా పుష్పా?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అనలేదు.

అసలు నా భయం ఏమిటో మీకు చెప్పేస్తాను, ఆయనకు చెప్పలేదు. చెల్లెలు వరస పిల్లను చేసుకుంటే పాపం వస్తుందని కాదు. వియ్యమందుకుంటే నేను అక్కను అక్కా అనకూడదు. వదినగారూ అనాలి. ఆమె నన్ను మీరు అనాలి. పండక్కి పళ్ళెంలో బట్టలు పెట్టి ఇవ్వాలి, పుచ్చుకోవాలి, పళ్ళెం చిన్నదైందని మూతి తిప్పుకోవాలి. లోకంలో నేను అక్కా అని పిలవగలిగిన మనిషి ఒక్కతే. ఇన్నేళ్ళకు దొరికింది. దొరికిన మర్నాడే ఆ పిలుపు వదులుకోమంటే నా వల్ల కాలేదు. అలాగని గిరి మొహం చూస్తే అదీ భరించలేను. పెద్ద వయసులో ఇదేం బుద్ధి అంటారేమో. అనండి.

బుధవారం అక్క ఫోను చేసింది.

"పుష్పా" అంది.

"అక్కా" అన్నాను.

అటు ముక్కు చీదడం, ఇటు ముక్కు చీదడం. చాలాసేపటికి అక్కే, "అంతా రంజని చెప్పింది. ఆదివారం వస్తా ఉండా. పప్పు చెయ్యి, ఇంకేమీ వద్దు" అని పెట్టేసింది. పెళ్ళి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆదివారం నేను తెల్లారకముందే లేచాను. పప్పు ఒక్కటే చెయ్యమంటే చేస్తానా? చారు, వంకాయ వేపుడు, సేమ్యా పాయసం, అప్పడాలు. అక్కతో ఏం చెప్పాలో మనసులో ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. "పిల్ల బంగారం, కానీ మన వరస ముందు పుట్టింది" అని చెప్దామనుకున్నాను. మెట్ల మీద చప్పుడైంది. తలుపు తీసేసరికి అక్క ఆయాసపడుతూ నిలబడి ఉంది, వెనక రంజని తల వంచుకుని. ఇద్దరం వాకిట్లోనే పట్టుకుని ఏడ్చాం. ఎదురు ఫ్లాటు వాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

"లావైనావే" అంది అక్క.

"నువ్వు పొట్టైపోయినావు" అన్నాను.

కాళ్ళు కడుక్కుని, మా ఆయనను పలకరించి, అక్క కూడా రంజనిలాగే హాల్లో కూర్చోకుండా వంటింట్లోకి వచ్చేసింది. గిరి, రంజని బాల్కనీలో చెరో మూల నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంట్లో చావు జరిగినట్టుంది వాళ్ళ వాలకం. నేను పప్పుగిన్నె దించి గుత్తి తీశాను.

అక్క గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. గుత్తిని లాక్కుని, కుళాయి కింద పెట్టి కడిగి, కళ్ళద్దాలు పైకెత్తి గుండు దగ్గరగా చూసింది. ఆ రెండు మచ్చల మీద బొటనవేలు పెట్టి రుద్దింది.

"ఓసినీ! నా అల్లుడు ఇంకా ఈడే ఉండాడా?" అంది.

నాకు అర్థం కాలేదు. అక్కకు మతి గాని తప్పిందా అనుకున్నాను.

"ఏందట్ల చూస్తావు? మరిచిపోయినావా? నీ కొడుకే ఇది. అగరబత్తితో కండ్లు పెట్టింది నేనే గదా. మీ అమ్మ నన్ను తరిమి తరిమి కొట్టె" అంది.

గుత్తిని తలకిందులుగా పట్టుకుంది. గుండు పైకొచ్చింది. ఆ రెండు మచ్చలు నన్నే చూస్తున్నాయి. అప్పుడు ఒక్కసారిగా కదిలింది లోపల ఎక్కడో. గుండుకు చుట్టిన ఎర్రగుడ్డ తలపాగా. పిడికి నాన్న చేతిరుమాలు పంచె. నడవాలో రుబ్బురోలు పక్కన ముగ్గు. పెద్దమ్మ పాత వాయిల్ చీర చింపి అక్క కుట్టిన పెళ్ళికూతురు, నల్లదారం జడ. బొమ్మల పెళ్ళి! ఆ ఏడాది తలుచుకుంటే నాకు అమ్మ జబ్బు తప్ప ఇంకేదీ గుర్తొచ్చేది కాదు. దాని వెనక ఇది పడి ఉందని నాకే తెలియదు.

"గుర్తొచ్చిందా?" అంది అక్క. "తాళి కట్టే టయానికి నువ్వు పెళ్ళి నిలిపేసినావు."

"నేనా?"

"నువ్వు కాకుంటే ఎవురు? అందురూ పుట్నాలు బెల్లం కోసం కూసోనుంటే నడుమ లేచి, 'అక్క బిడ్డకి నా బిడ్డకి పెళ్ళెట్ల చేస్తారు, వాళ్ళు అన్నాచెల్లెళ్ళు' అని ఒకటే ఏడుపు. అయితే నన్ను వదినా అను అంటిని. దానికి ఇంకా గట్టిగా ఏడిస్తివి. 'నాకు వదినొద్దు, అక్కే కావాలా' అని నేల మీద పడి దొర్లినావు."

నేను పొయ్యి గట్టు పట్టుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆయన వెనక గిరి, రంజని ఎప్పుడొచ్చారో వచ్చారు.

"అప్పురం? ఏమైంది?" అన్నాడు గిరి. వాడంతట వాడు మాట్లాడి వారమైంది.

"అప్పురమేముంది. అమ్మాసి అవ్వను పిలిపించినారు. ఆమె వక్క కొరుకుతా వచ్చి మీ అమ్మను రెక్క పట్టి లేపె." అక్క గొంతు మార్చింది. అచ్చం అవ్వ గొంతే, ముక్కుతో. "'ఏమే మిరపకాయా, మీకు వరస కట్టింది ఎవురు? నేను. అది నా మాట. సడలించేదీ నేనే. తాళి కట్టేటప్పుడు వదినా అను. విందు తిని చెయ్యి కడుక్కుంటివా, మళ్ళా అక్కే. పో, పొయ్యి మూతి కడుక్కోని రా' అనె. నువ్వు నమ్మక, 'కడుక్కుంటే నిజంగా అక్కేనా?' అని మూడు తూర్లు అడిగినావు. పుట్నాలు తిన్నవెంటనే పంపు కాడికి పరిగెత్తి, చేతులు కడుక్కోని వచ్చి, 'అక్కా' అని నా మెడ పట్టుకున్నావు. చేతి తడంతా నా గౌనుకే."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏ మాటైతే వారం రోజులుగా మా ఆయనకు చెప్పలేక, ఇంకొకరికి చెప్పుకోలేక తిన్నది అరక్కుండా తిరిగానో, ఆ మాట మూడో క్లాసులోనే నడవాలో పడి దొర్లి చెప్పేశానన్నమాట. దానికి జవాబు కూడా అప్పుడే వచ్చేసింది.

"ఫోన్లో అక్కా అంటివి చూడు, అప్పుడే అనుకున్నా" అంది అక్క. "దీనికి పెళ్ళితో తగాదా లేదు, వదినతోనే తగాదా అని."

"అవ్వ చెప్పింది బొమ్మలకి గదా" అన్నాను. ఊరికే ఓడిపోతే నేను పుష్పవల్లిని ఎందుకవుతాను?

"అవ్వ కట్టిన వరసైతే చెల్లుతాది, అవ్వ సడలిస్తే చెల్లదా? ఇది యాడ న్యాయం?" అంది అక్క.

మా ఆయన గుమ్మంలోంచి, "బాగా అడగండి, బాగా అడగండి" అన్నాడు. ఆయనవైపు ఒక్క చూపు చూశాను. హాల్లోకి వెళ్ళిపోయాడు.

"అది శెరి, నా కూతుర్ని ఏం చేసినావు?" అంది అక్క. "పెళ్ళైనాక అత్తారింట్లోనే ఉండాలని ఏడ్చుకుంటా ఇచ్చేస్తిని గదా. గుడ్డబొమ్మ. నల్లదారం జడ. యాడుండాది?"

నేను నేల చూపులు చూశాను. అమ్మ ఆసుపత్రికి వెళ్ళాక నాన్న ఒక్కడే వంట చేసుకునేవాడు. వేడిగిన్నెలు దించడానికి గుడ్డ కావాలంటే నేనే ఏదో తీసిచ్చినట్టు గుర్తు. మెత్తటి వాయిల్ గుడ్డ.

"మసిగుడ్డ అయిపోయిందేమో అక్కా" అన్నాను.

"చూసినారా!" అంది అక్క నడుం మీద చెయ్యేసుకుని. "కోడల్ని మసిగుడ్డ చేసిన అత్త! ఇదిగో, రెండోదాన్ని తెచ్చినా. దీన్నన్నా ఒళ్ళు దగ్గర పెట్టుకోని చూసుకో."

రంజని ఫక్కున నవ్వింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది. నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. "ఆ రోజు ఫోన్లో నన్నేమన్నావే? ఆంటీ అన్నావు కదూ? ఇంకొకసారి అన్నావంటే పండ్లు రాలగొడతా" అన్నాను. అచ్చం అవ్వ మాటే వచ్చింది నోట్లోకి. "శెరి అత్తా" అంది పిల్ల, నా భుజంలో మొహం పెట్టి. గిరి మాత్రం పప్పుగుత్తిని అక్క చేతిలోంచి తీసుకుని ఆ రెండు కళ్ళ వైపు కాసేపు చూసి, "అన్నా" అని దానికి దణ్ణం పెట్టాడు. వారం రోజుల తర్వాత నా ఇంట్లో నవ్వు వినబడింది.

మరుసటి నెలలోనే తాంబూలాలు పెట్టుకున్నాం. ఇంట్లోనే, మావైపు కొందరు, వాళ్ళవైపు కొందరు. హోసూరు నుంచి వచ్చిన వాళ్ళ పెద్దాయన ఒకాయన కుర్చీలో కూర్చుని అన్నీ పద్ధతి ప్రకారం చేయించాడు. "అబ్బాయి తల్లి, అమ్మాయి తల్లి ఎదురుబొదురు నిలబడి పళ్ళాలు మార్చుకోండమ్మా. వరస పెట్టి పిలుచుకోండి" అన్నాడు.

అక్క పట్టుచీర కట్టుకుంది. కనుబొమ్మ గీత మీద పౌడరు రాసింది, అయినా కనబడుతూనే ఉంది. పళ్ళెం పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. పళ్ళెం చాపకుండా అందులో తమలపాకులు సర్దిందే సర్దుతోంది. అప్పటిదాకా అనుకోలేదు, వదినా అనడం ఆమెకూ కష్టమేనని. 

"తీసుకోండి వదినగారూ" అంది.

"ఇటివ్వండి వదినగారూ" అన్నాను.

పళ్ళాలు మారాయి. అందరూ అక్షింతలు వేశారు. మా ఆయన ఫోటోలు తీశాడు, సగం వాటిలో ఆయన వేలే ఉంది. పెద్దాయన లేచి, "శుభం. ఇంక వడ్డించండి" అన్నాడు.

విందులో అక్కా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. అందరి ముందు మర్యాదగా తిన్నాం. "ఇంకొంచెం పప్పు వేసుకోండి" అని ఆమె, "చాలండి, మీరు వేసుకోండి" అని నేను. ఎవరైనా చూస్తే ఎంత పెద్దింటి వియ్యపురాళ్ళో అనుకుంటారు. పాయసం రాగానే నేను ఆగలేకపోయాను. ఒక్క గుక్కలో తాగేసి, ఆకు మడిచి, అందరికంటే ముందు లేచాను. "ఏంది ఈమె, ఇంత తొందర" అని ఎవరో అన్నారు.

వంటింటి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. సబ్బు పెట్టి, మోచేతుల దాకా. వెనక అడుగుల చప్పుడైంది. ఎవరో తిరిగి చూడక్కర్లేదు. నా పక్కకు వచ్చి, అదే నీళ్ళ కింద తనూ చెయ్యి పెట్టింది.

"కడుక్కున్నావా?" అంది.

"కడుక్కున్నా అక్కా" అన్నాను. తడిచేతులతోనే మెడ పట్టుకున్నాను.

"పట్టుచీరే, పాడైపోతాది" అంది అక్క. అంది గానీ, విడిపించుకోలేదు.